యు అంటే అప్పు, టి అంటే ఆస్తి: ఎన్‌ఎమ్ చూపించే పద్దు

సెమికోలన్ మర్చిపోతే సి కంపైలర్ లైన్ నంబరుతో సహా చెబుతుంది. బ్రాకెట్ మూయకపోతే గొడవ చేస్తుంది గానీ, ఎక్కడ మూయలేదో కాస్త వెతికితే దొరుకుతుంది. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అనే ఎర్రర్ వేరే రకం. మామూలుగా లైన్ నంబరు ఉండదు. ఏదో సెక్షన్ పేరు, పక్కన ప్లస్ గుర్తు, ఒక హెక్స్ అంకె, చివర ఫంక్షన్ పేరు కనిపిస్తాయి. ఆ ఫంక్షన్‌ని మనం హెడర్‌లో పెట్టాం, స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, ఎడిటర్ కూడా ఎర్ర గీత గీయలేదు. ఇంకేం చెయ్యాలో తెలియక కోడ్‌నే పదోసారి చదువుతాం.

తప్పు కోడ్‌లో ఉంటే కదా దొరకడానికి! ఈ ఎర్రర్ ఇచ్చేది కంపైలర్ కాదు, లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రామ్ చేసేది. లింకర్ మన కోడ్‌ని ఎప్పుడూ చూడదు. అది చూసేది ఆబ్జెక్ట్ ఫైళ్ళని (ఒక్కో సి ఫైల్‌ని కంపైల్ చేస్తే వచ్చే మెషిన్ కోడ్ ముక్కల్ని), వాటిలో ఉన్న పేర్ల జాబితాని. కాబట్టి మనం చూడాల్సింది కూడా ఆ జాబితానే. దాన్ని చూపించే కమాండ్ ఎన్‌ఎమ్. నేమ్ లిస్ట్ అన్న మాటకి పొట్టి రూపం అది. 1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ మొట్టమొదటి మాన్యువల్‌లోనే ఈ కమాండ్ ఉంది. సి భాష అప్పటికి ఇంకా పూర్తిగా రూపం దిద్దుకోలేదు. అంటే సి కంటే దీని వయసే ఎక్కువ. అయినా సి నేర్పే చాలా క్లాసుల్లో దీని పేరు వినపడదు.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "మ్యాథ్.హెచ్ ఇన్‌క్లూడ్ చేశాను కదండీ, మళ్ళీ పవ్ లేదంటుందేంటి?" అని అడగనివాళ్ళు ఉండరు. (పవ్ అంటే ఘాతం లెక్కగట్టే ఫంక్షన్.) హెడర్ ఫైల్‌కీ లైబ్రరీకీ మధ్య ఉన్న తేడా ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్ల వచ్చిన ప్రశ్న ఇది. హెడర్ ఇచ్చేది మాట మాత్రమే: "పవ్ అనే ఫంక్షన్ ఎక్కడో ఉంది, రెండు డబుల్స్ తీసుకుంటుంది, ఒక డబుల్ ఇస్తుంది." కంపైలర్ ఆ మాట నమ్మి, మన ఫైల్‌ని మెషిన్ కోడ్‌గా మారుస్తుంది. పవ్‌ని పిలిచిన చోట అడ్రస్ తెలియదు కాబట్టి అక్కడ ఖాళీ వదిలి, "ఇక్కడ పవ్ అడ్రస్ నింపాలి" అని పద్దులో రాసుకుంటుంది. కంపైలర్ ఒకసారికి ఒక ఫైల్‌నే చూస్తుంది. పక్క ఫైల్‌లో ఏముందో దానికి తెలియదు, అక్కర్లేదు కూడా. ఆ ఖాళీలన్నీ నింపే బాధ్యత లింకర్‌ది. మాట ఇచ్చింది హెడర్, తీర్చాల్సింది లైబ్రరీ. తీర్చేవాడు రాకపోతే లింకర్ కేకలు పెడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న ఫైల్ తీసుకుందాం. పేరు వడ్డీ.సి. ఇందులో పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను. ఇది వ్యాసం కోసం చేసిన ముచ్చట కాదు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే జీసీసీ కంపైలర్‌లో, 2020లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఫంక్షన్ పేర్లు నేరుగా తెలుగు లిపిలో రాసినా కంపైల్ అవుతుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అంతకు ముందునుంచే ఒప్పుకుంటోంది. ఫైల్‌లో ఉన్నవి ఇవి. వడ్డీ_రేటు అనే డబుల్ గ్లోబల్ వేరియబుల్, దాని విలువ 12.0. ఖాతాల_సంఖ్య అనే ఇంట్ గ్లోబల్, దీనికి విలువేమీ ఇవ్వలేదు. పైసలు_సవరించు అనే స్టాటిక్ ఫంక్షన్. చక్రవడ్డీ అనే మామూలు ఫంక్షన్. ఇది అసలుని డబుల్‌గా, ఏళ్ళని ఇంట్‌గా తీసుకుని, పవ్‌తో లెక్క కట్టి, పైసలు సవరించి, ప్రింట్‌ఎఫ్‌తో అచ్చు వేస్తుంది.

జీసీసీకి మైనస్ సి ఇచ్చి కంపైల్ చేస్తే వడ్డీ.ఓ వస్తుంది. దాని మీద ఎన్‌ఎమ్ నడిపితే దాదాపు ఇలా కనిపిస్తుంది:

— యు పవ్
— యు ప్రింట్‌ఎఫ్
0000000000000000 బి ఖాతాల_సంఖ్య
0000000000000026 టి చక్రవడ్డీ
0000000000000000 టి పైసలు_సవరించు
0000000000000000 డి వడ్డీ_రేటు

నిజం స్క్రీన్ మీద మధ్య నిలువు వరసలో ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. పైసలు_సవరించు పక్కన ఉన్నది స్మాల్ టి, మిగతావన్నీ క్యాపిటల్ అక్షరాలు. మొదటి రెండు లైన్లలో అడ్రస్ చోట నేను గీత పెట్టాను, అసలు అక్కడ ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీ దగ్గరే మొదలుపెడదాం. యు అంటే అన్‌డిఫైన్డ్. ఈ ఫైల్‌కి పవ్ కావాలి, కానీ ఈ ఫైల్ దగ్గర లేదు. అడ్రస్ లేదు కాబట్టి ఆ నిలువు వరస ఖాళీ. నేను దీన్ని అప్పు అని గుర్తుపెట్టుకుంటాను. టి అంటే టెక్స్ట్. యూనిక్స్ వాళ్ళ పాత అలవాటు ప్రకారం మెషిన్ కోడ్ ఉండే సెక్షన్‌ని అలా పిలుస్తారు, చదివే అక్షరాలతో దానికి సంబంధం లేదు. టి ఉందంటే ఆ ఫంక్షన్ ఈ ఫైల్‌లోనే ఉంది, ఎవరికైనా ఇవ్వగలదు. అది ఆస్తి. లింకర్ చేసే పనంతా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ప్రతి యుకీ ఎక్కడో ఒకచోట ఆస్తి వెతికి జత చెయ్యడం. జత దొరక్కపోతే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. ఒకే పేరుకి రెండు ఆస్తులు దొరికితే మల్టిపుల్ డెఫినిషన్. లింకర్ ఎర్రర్లలో ముప్పాతిక మువ్వీసం ఈ రెండే.

స్మాల్ టి సంగతి చూద్దాం. స్టాటిక్ అని రాసిన ఫంక్షన్ ఆ ఫైల్ దాటి బయటికి పోదు. జాబితాలో పేరు ఉంటుంది గానీ, పక్క ఫైల్ అడిగితే లింకర్ ఇవ్వదు. క్యాపిటల్ అయితే గ్లోబల్, స్మాల్ అయితే లోకల్. ఈ సూత్రం టికే కాదు, డి, బి, ఆర్ లాంటి వాటన్నిటికీ వర్తిస్తుంది. "ఫంక్షన్ ఉందిగా, ఎన్‌ఎమ్‌లో కనిపిస్తోందిగా, ఎందుకు లింక్ అవ్వట్లేదు" అని తల పట్టుకున్నవాళ్ళు చాలాసార్లు ఈ అక్షరం సైజు చూసుకోరు. ఇదే ఫైల్‌ని మైనస్ ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ పెట్టి కంపైల్ చేస్తే పైసలు_సవరించు అన్న లైన్ మొత్తం మాయమైనా ఆశ్చర్యపోకండి. బయటివాళ్ళెవరూ పిలవలేని ఫంక్షన్ కదా, కంపైలర్ దాన్ని తీసుకెళ్ళి పిలిచిన చోటే కలిపేసి, విడి కాపీని పారేస్తుంది.

మూడు పేర్లు సున్నా అడ్రస్‌లోనే ఎలా ఉన్నాయి? ఆబ్జెక్ట్ ఫైల్‌లో ఇంకా అసలు అడ్రసులు లేవు. ప్రతి సెక్షన్‌కీ దాని సొంత సున్నా ఉంటుంది. కోడ్ సెక్షన్‌లో మొదటిది పైసలు_సవరించు, దాని తర్వాత హెక్స్‌లో 26వ బైట్ దగ్గర చక్రవడ్డీ మొదలైంది. డేటా సెక్షన్‌లో మొదటిది వడ్డీ_రేటు, కనుక అదీ సున్నాయే. లింకర్ సెక్షన్లన్నీ కుప్ప వేసి పేర్చాక అసలు అంకెలు వస్తాయి. అందుకే ఎర్రర్‌లో "టెక్స్ట్ ప్లస్ ఏదో" అని కనిపిస్తుంది. ఆ సెక్షన్ మొదలు నుంచి అన్ని బైట్ల దూరంలో ఉన్న ఖాళీ నిండలేదని దాని అర్థం.

డి, బి రెండూ వేరియబుల్సే. విలువ ఇచ్చినది డి, ఇవ్వనిది బి. బి అంటే బీఎస్‌ఎస్, "బ్లాక్ స్టార్టెడ్ బై సింబల్". 1950లలో ఐబీఎమ్ 704 యంత్రానికి యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు రాసుకున్న అసెంబ్లర్‌లోని ఒక ఆదేశం పేరు అది. యంత్రం మ్యూజియానికి వెళ్ళినా పేరు మాత్రం మన ఫైళ్ళలో మిగిలిపోయింది. తేడా డబ్బుల దగ్గర తెలిసినట్టు డిస్క్ దగ్గర తెలుస్తుంది. పది లక్షల ఇంట్‌ల అరేకి మొదటి విలువ 1 అని ఇచ్చారనుకోండి, అది డి అవుతుంది, ఫైల్ నలభై లక్షల బైట్లు లావెక్కుతుంది. ఏ విలువా ఇవ్వకపోతే బిలోకి పోతుంది, "ఇంత చోటు సున్నాలతో కావాలి" అన్న ఒక్క చీటీ తప్ప ఫైల్‌లో ఏమీ ఉండదు. కాన్స్ట్ అని రాసిన గ్లోబల్స్‌కి ఆర్ వస్తుంది, చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేనివి.

ఖాతాల_సంఖ్య విషయంలో చిన్న చరిత్ర ఉంది. పాత జీసీసీతో అయితే అలాంటి వేరియబుల్‌కి బి కాదు, సి వచ్చేది. సి అంటే కామన్, ఫోర్ట్రాన్ భాషలోని కామన్ బ్లాకుల నుంచి వచ్చిన పద్ధతి: ఒకే పేరుతో విలువ లేని గ్లోబల్ పది ఫైళ్ళలో ఉన్నా లింకర్ గొడవ చెయ్యకుండా అన్నిటినీ కలిపి ఒకటే చేసేది. ఆ వెసులుబాటు మీద ఆధారపడి, హెడర్‌లోనే ఎక్స్‌టర్న్ లేకుండా వేరియబుల్ రాసేసి, దాన్ని పది చోట్ల ఇన్‌క్లూడ్ చేసి దశాబ్దాలు బతికిన కోడ్ చాలా ఉంది. జీసీసీ 10 ఆ డీఫాల్ట్ మార్చేసింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండా మల్టిపుల్ డెఫినిషన్ ఎర్రర్లు వరద కట్టాయి. పాత ప్రాజెక్ట్‌ని కొత్త మెషిన్ మీద బిల్డ్ చేసి ఇలాంటి వరద చూస్తే, ముందు ఎన్‌ఎమ్‌లో సి ఉండేదా, ఇప్పుడు బి అయిందా చూడండి. మైనస్ ఎఫ్‌కామన్ అని ఫ్లాగ్ పెడితే తాత్కాలికంగా గండం గడుస్తుంది. సరైన మందు హెడర్‌లో ఎక్స్‌టర్న్ రాయడమే.

ఎన్‌ఎమ్ ఒక్కోసారి మనం రాయని పేర్లు చూపిస్తుంది. ప్రింట్‌ఎఫ్‌తో ఉత్త "నమస్కారం" అని, చివర న్యూలైన్ పెట్టి ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాసి జీసీసీతో కంపైల్ చేసి చూడండి. యు ప్రింట్‌ఎఫ్ ఉండదు, యు పుట్స్ ఉంటుంది. ఫార్మాట్ చేయడానికి ఏమీ లేదు కనుక అంత పెద్ద ఫంక్షన్ ఎందుకని కంపైలరే చిన్నదానితో మార్చేసింది, ఆప్టిమైజేషన్ అడగకపోయినా. అలాగే స్క్వేర్‌రూట్‌కి నేరుగా 2.0 ఇచ్చి పిలిస్తే యు స్క్వేర్‌రూట్ అన్న లైన్ రాదు, కంపైలర్ ఆ లెక్క తనే కట్టేసి జవాబు అతికిస్తుంది. అదే యూజర్ ఇచ్చిన అంకెకి స్క్వేర్‌రూట్ కట్టమంటే యు ప్రత్యక్షం. "నిన్న మ్యాథ్ లైబ్రరీ కలపకుండానే నడిచింది, ఇవాళ నడవట్లేదు" అన్న వింతకి కారణం చాలాసార్లు ఇదే. ఎన్‌ఎమ్ చూపేది మనం ఏం రాశామో కాదు, కంపైలర్ చివరికి ఏం మిగిల్చిందో.

ఇక అసలు ఎర్రర్. వడ్డీ.ఓనీ, మెయిన్ ఉన్న మరో ఫైల్‌నీ లింక్ చేస్తే లైనక్స్ మీద పవ్ దొరకలేదంటుంది. ప్రింట్‌ఎఫ్ సి లైబ్రరీలో ఉంది, దాన్ని జీసీసీ ఎలాగూ కలుపుతుంది. పవ్ ఉన్నది విడిగా లిబ్‌ఎమ్‌లో. మైనస్ ఎల్ఎమ్ అని చేర్చాలి. ఎక్కడ చేర్చాలన్నది అంతకంటే ముఖ్యం. దాన్ని కమాండ్‌లో మొదట రాసి, ఫైళ్ళు తర్వాత రాస్తే ఉబుంటులో మళ్ళీ అదే ఎర్రర్. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి తీరాల్సిన అప్పులు ఏమైనా ఉన్నాయా అని చూస్తుంది. ఇంకా ఏ ఫైలూ చదవలేదు, అప్పులే లేవు, లైబ్రరీని వదిలేసి ముందుకు పోతుంది. తర్వాత వడ్డీ.ఓ వచ్చి పవ్ అడిగితే ఇచ్చేవాడు వెళ్ళిపోయాడు. అడిగేవాళ్ళు ముందు, ఇచ్చేవాళ్ళు తర్వాత. రెండు స్టాటిక్ లైబ్రరీలు (లింక్ చేసేటప్పుడే ప్రోగ్రామ్‌లోకి కాపీ అయ్యేవి) ఒకదాన్నొకటి అడుక్కుంటుంటే ఒకదాని పేరు రెండుసార్లు రాయాల్సిన దుస్థితి కూడా ఇందుకే వస్తుంది.

ఏ లైబ్రరీలో ఉందో తెలియనప్పుడు ఎన్‌ఎమ్‌కి మైనస్ క్యాపిటల్ ఏ ఇచ్చి, ఫోల్డర్‌లో ఉన్న స్టాటిక్ లైబ్రరీలన్నిటి మీదా నడిపి, వచ్చిన జాబితాలో ఆ పేరుని గ్రెప్ కమాండ్‌తో వెతికితే చాలు. ప్రతి లైన్ ముందూ ఫైల్ పేరు వస్తుంది. యు ఉన్న లైన్లు వదిలేసి టి ఉన్నది పట్టుకోవడమే.

నా ఉద్యోగం మొదటి ఏడాది ఒక సాయంత్రమంతా తినేసిన కేసు ఒకటి చెబుతాను. బయటివాళ్ళు ఇచ్చిన సి లైబ్రరీ, మాది సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్. హెడర్ ఉంది, లైబ్రరీ కమాండ్ చివర్లోనే ఉంది, ఎన్‌ఎమ్‌లో ఆ ఫంక్షన్ ముందు క్యాపిటల్ టి కూడా ఉంది. అయినా అన్‌డిఫైన్డ్. లైబ్రరీ పాడైందేమో అని మళ్ళీ పంపమని అడిగించాను కూడా, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పక్క సీట్లో ఉన్న సీనియర్ వచ్చి, "లైబ్రరీ మీద చూశావు సరే, నీ ఆబ్జెక్ట్ ఫైల్ మీద చూశావా?" అన్నారు. చూడలేదు. చూస్తే అక్కడ యు పక్కన ఉన్న పేరు నేను రాసిన పేరే కాదు.

సి ప్లస్ ప్లస్‌లో ఒకే పేరుతో వేర్వేరు ఆర్గ్యుమెంట్లున్న ఫంక్షన్లు ఎన్నైనా రాయొచ్చు. లింకర్‌కి మాత్రం పేరు తప్ప ఇంకేమీ తెలియదు. అందుకని కంపైలర్ ఆర్గ్యుమెంట్ల టైపులు కూడా పేరులోనే కూరేస్తుంది, దీన్ని మ్యాంగ్లింగ్ అంటారు. మన చక్రవడ్డీనే సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేస్తే పేరు ఇలా తయారవుతుంది: ముందు అండర్‌స్కోర్, క్యాపిటల్ జెడ్, తర్వాత 27, తర్వాత చక్రవడ్డీ, చివర డబుల్ కోసం డి, ఇంట్ కోసం ఐ. ఆ 27 ఏమిటంటారా? మన కంటికి చక్రవడ్డీ నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఒత్తులూ గుణింతాలూ విడదీస్తే తొమ్మిది. యూటీఎఫ్ 8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 27. లింకర్‌కి తెలిసినవి బైట్లే.

మా గొడవ కూడా అదే. లైబ్రరీలో ఉన్నది సాదా పేరు, మా ఫైల్ అడుగుతున్నది మ్యాంగిల్ అయిన పేరు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ సి అన్న రెండు మాటలు లేవు, అంతే. అవి ఉంటే "ఇది సి ఫంక్షన్, పేరు పాడుచెయ్యకు" అని కంపైలర్‌కి చెప్పినట్టు. ఇంకో ఆనవాలు ఎర్రర్‌లోనే ఉంది, నాకు అప్పుడు చదవడం రాలేదు. లింకర్ ఎర్రర్‌లో ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లూ, లోపల టైపులూ కనిపించాయంటే, అడుగుతున్నది సి ప్లస్ ప్లస్ పేరు అని అర్థం. సి పేరు అయితే బ్రాకెట్లు రావు. ఎన్‌ఎమ్‌కి మైనస్ క్యాపిటల్ సి ఇస్తే మ్యాంగిల్ అయిన పేర్లని విప్పి చదివేలా చూపిస్తుంది. కానీ ఇలాంటి కేసుల్లో అది లేకుండానే చూడండి, పచ్చి పేరులోనే తేడా కనపడుతుంది.

పేర్ల పొడుగు గురించి ఒక పక్క మాట. పాత యూనిక్స్ ఆబ్జెక్ట్ ఫైల్‌లో ఒక్కో పేరుకి ఎనిమిది బైట్ల గడి ఉండేది. సి కంపైలర్ ముందు ఒక అండర్‌స్కోర్ తగిలించేది కనుక మిగిలేవి ఏడు. 1989 సి స్టాండర్డ్ అయితే బయటికి కనిపించే పేర్లలో మొదటి ఆరు అక్షరాలకే హామీ ఇచ్చింది, క్యాపిటల్ స్మాల్ తేడా ఉంటుందన్న భరోసా కూడా లేకుండా. ఎస్‌టీఆర్‌సీపీవై, ఎస్‌టీఆర్‌సీఎంపీ, ప్రింట్‌ఎఫ్, మాలాక్, ఎఫ్‌క్లోజ్... ఇంగ్లిష్‌లో లెక్కపెడితే అన్నీ ఆరే. ఇప్పుడు లైనక్స్ ఆబ్జెక్ట్ ఫైళ్ళు వాడే ఈఎల్ఎఫ్ ఫార్మాట్‌లో పేర్లన్నీ ఒక విడి పట్టికలో ఉంటాయి. 64 బిట్ ఫైళ్ళలో ఒక్కో సింబల్‌కి (జాబితాలోని ఒక్కో పేరుని అలా అంటారు) కేటాయించిన 24 బైట్ల గడిలో పేరు ఉండదు, ఆ పేరు పట్టికలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె ఉంటుంది. కాబట్టి పేరు ఎంత పొడుగైనా ఫర్వాలేదు. ఆ ముందు అండర్‌స్కోర్ మాత్రం మ్యాక్ మీద ఇంకా బతికే ఉంది, అక్కడ ఎన్‌ఎమ్ నడిపితే మెయిన్ ముందు కూడా కనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి ఎర్రర్ ఇచ్చే తప్పులు. ఎర్రర్ ఇవ్వని తప్పు ఇంకా ప్రమాదం. డబ్ల్యూ అన్న అక్షరం అలాంటిది. వీక్ సింబల్ అంటారు. "నా దగ్గర ఒకటుంది, కానీ ఇంకెవరైనా గట్టిది తెస్తే నాది పక్కన పెట్టెయ్" అని దాని అర్థం. ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డులతో ప్రాజెక్ట్ చేసే ఇంజినీరింగ్ పిల్లలకి ఇది తెలియకుండానే ఎదురవుతుంది. ఆ బోర్డుల స్టార్టప్ ఫైల్‌లో ప్రతి ఇంటరప్ట్‌కీ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపుకీ) ఒక వీక్ హ్యాండ్లర్ ఉంటుంది, అన్నీ ఒకే డీఫాల్ట్ హ్యాండ్లర్‌కి మారుపేర్లు, అది చేసే పని అనంతంగా తిరగడం. మీరు యూఎస్ఎఆర్‌టీ1 ఇంటరప్ట్‌కి హ్యాండ్లర్ రాస్తూ పేరులో ఒక్క ఎస్ వదిలేశారనుకోండి. కంపైలర్‌కి అదొక కొత్త ఫంక్షన్, తప్పేం కాదు. లింకర్‌కి అసలు పేరుతో వీక్ ఉంది, సరిపోయింది. ఎవరూ నోరెత్తరు. బోర్డు మీద వేశాక మొదటి బైట్ వచ్చీ రాగానే బిగుసుకుపోతుంది. వైర్లు మార్చి, బోర్డు మార్చి, రాత్రంతా కూర్చుంటారు. ఆ బోర్డుకి తగిన ఎన్‌ఎమ్‌తో చివరి ఫైల్ మీద హ్యాండ్లర్ల జాబితా తీస్తే పది సెకన్ల పని: మీరు రాసిన హ్యాండ్లర్ పక్కన క్యాపిటల్ టి ఉండాలి. ఇంకా డబ్ల్యూనే ఉండి, అడ్రస్ కూడా డీఫాల్ట్ హ్యాండ్లర్‌దే అయితే దొంగ దొరికినట్టే. ఫైల్‌ని సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేసి ఎక్స్‌టర్న్ సి మర్చిపోయినా ఇదే జరుగుతుంది, ఈసారి స్పెల్లింగ్ కూడా సరిగ్గానే ఉంటుంది కనుక మరీ ఏడిపిస్తుంది.

ఇలాంటి చిన్న బోర్డుల మీద ఫ్లాష్ నిండిపోయినప్పుడు కూడా ఎన్‌ఎమ్‌దే మొదటి మాట. మైనస్ క్యాపిటల్ ఎస్ పెట్టి సైజులతో, సైజ్ సార్ట్ ఆప్షన్‌తో నడిపితే చిన్నవి పైన, పెద్దవి కింద వస్తాయి. చివరి పది లైన్లు చూస్తే చోటు మింగేదెవరో తెలుస్తుంది. చాలాసార్లు మీ కోడ్ కాదు, దశాంశాల కోసం తెచ్చుకున్న ప్రింట్‌ఎఫ్ బలగం.

లైనక్స్ మెషిన్‌లో ఎల్ఎస్ ప్రోగ్రామ్ మీద ఎన్‌ఎమ్ నడిపితే "నో సింబల్స్" అంటుంది. కమాండ్ పాడవలేదు. పంచిపెట్టే ప్రోగ్రాముల్లో పూర్తి పేర్ల పట్టిక అనవసరమైన బరువని స్ట్రిప్ అనే కమాండ్‌తో ముందే కోసేస్తారు. మైనస్ క్యాపిటల్ డి ఇచ్చి చూడండి, ఇంకో జాబితా వస్తుంది. అది డైనమిక్ పట్టిక. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీల నుంచి తెచ్చుకోవాల్సిన పేర్లు అందులో ఉంటాయి, వాటిని కోస్తే ప్రోగ్రామే నడవదు. అంటే పద్దులు రెండు: ఇంట్లో వాడుకునే పెద్ద పుస్తకం, బయట చూపించే చిన్న పుస్తకం.

ఈ చిన్న పుస్తకంలో పేర్ల వెనక అట్ గుర్తూ, జీలిబ్‌సి (లైనక్స్‌లోని సి లైబ్రరీ పేరు), ఒక వెర్షన్ నంబరూ కనిపిస్తాయి. కొత్త ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని ఆఫీసులో పాత సర్వర్ మీద వేస్తే "జీలిబ్‌సి 2.34 దొరకలేదు" అని నడవనని మొరాయించడం మీకు తెలిసే ఉంటుంది. లిబ్‌ఎమ్ మీద మైనస్ క్యాపిటల్ డితో చూసి పవ్ కోసం వెతికితే 64 బిట్ ఇంటెల్ మెషిన్లలో రెండు పవ్‌లు కనిపిస్తాయి. ఒకటి 2.2.5 నాటిది, ఒక అట్ గుర్తుతో. రెండోది 2.29 నాటిది, రెండు అట్ గుర్తులతో. రెండు అట్‌లు అంటే ఇప్పుడు లింక్ చేసేవాళ్ళకి ఇచ్చేది ఇదీ అని. పాతది పాత ప్రోగ్రాముల కోసం అలాగే ఉంచారు. కాబట్టి మన వడ్డీ ప్రోగ్రామ్ ఉబుంటు 22.04 మీద బిల్డ్ అయితే 2.29 నాటి పవ్‌ని అడుగుతుంది. పైగా ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్ కోసం 2.34 అడుగుతుంది. రెడ్‌హ్యాట్ 8లో ఉన్నది 2.28, సెంట్‌ఓఎస్ 7లో 2.17. రెండు చోట్లా నడవదు. ఏ పేరు వల్ల ఆగిపోయిందో ఎన్‌ఎమ్ చూపిస్తుంది. పరిష్కారం మాత్రం మొహమాటం లేకుండా, మీకున్న పాత మెషిన్లలో అన్నిటికంటే పాతదాని మీద బిల్డ్ చేయడమే.

లైనక్స్ కెర్నల్ కూడా ఈ అక్షరాలే వాడుతుంది. కెర్నల్ బిల్డ్ అయ్యాక వచ్చే సిస్టమ్.మ్యాప్ అనే ఫైల్ ఎన్‌ఎమ్ తయారుచేసిందే. నడుస్తున్న కెర్నల్ జాబితా ప్రాక్ ఫోల్డర్‌లో కాల్‌సిమ్స్ అన్న ఫైల్‌లో ఉంటుంది, అవే టి, డి, బి, డబ్ల్యూలు. మామూలు యూజర్‌గా చదివితే అడ్రసులన్నీ సున్నాలే కనిపిస్తాయి. అది దాడి చేసేవాళ్ళకి అందకుండా దాచడం. ఆబ్జెక్ట్ ఫైల్‌లో చూసిన సున్నాలతో దానికి పోలిక లేదు.

తెలుగు పేర్ల దగ్గరికి మళ్ళీ వస్తే, ఒక ఉచ్చు ఉంది. పైసలు అన్న మాటలో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఒక పద్ధతి. ఎత్వం వేసి, కింద ఐత్వపు గుర్తు విడిగా చేర్చడం ఇంకో పద్ధతి. తెర మీద రెండూ అచ్చం ఒకటే. ఒక ఫైల్‌లో ఒకలా, ఇంకో ఫైల్‌లో ఇంకోలా పడితే, జీసీసీ వార్నింగ్ ఇస్తుంది గానీ ఆపదు. లింకర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు బైట్ల వరసలు. టి ఒకవైపు, యు ఒకవైపు, కంటికి ఒకే పేరు, జత మాత్రం కుదరదు. ఎన్‌ఎమ్, లింకర్ లాంటివి కలిసి ఉండే బిన్‌యుటిల్స్ ప్యాకేజీలో, 2022లో వచ్చిన 2.38 నుంచి ఎన్‌ఎమ్‌కి యూనికోడ్ అనే ఆప్షన్ ఉంది; హెక్స్ అడిగితే పేర్లలోని తెలుగు గుర్తుల బదులు బైట్లు చూపిస్తుంది. అప్పుడు తేడా దాగదు.

ఎన్‌ఎమ్‌కి కనపడనిది ఒకటుంది. ఇంకో ఫైల్‌లో ఎవరో వడ్డీ_రేటుని ఎక్స్‌టర్న్ ఇంట్ అని రాసుకున్నారనుకోండి. నిజానికి అది డబుల్. వాళ్ళ ఫైల్‌లో యు వడ్డీ_రేటు, మన ఫైల్‌లో డి వడ్డీ_రేటు. పేరు కలిసింది, అప్పు తీరింది, లింకర్ సంతోషం. సిలో సింబల్‌కి పేరే తప్ప టైపు ఉండదు. ప్రోగ్రామ్ నడుస్తుంది, వడ్డీ రేటు ఎంతంటే 0 అని అచ్చు వేస్తుంది. 12.0 అన్న డబుల్‌లో ఉన్న ఎనిమిది బైట్లలో కింది నాలుగూ సున్నాలే. ఇంటెల్ మెషిన్ మీద ఇంట్ ఆ నాలుగే చదువుతుంది. అప్పు తీసుకున్నవాళ్ళకి పండగ. ఆనవాలు ఒక్కటే మిగులుతుంది: వడ్డీ.ఓ మీద మైనస్ క్యాపిటల్ ఎస్ పెట్టి చూస్తే డి ముందు సైజు 8 అని ఉంటుంది. ఇంట్ అయితే అక్కడ 4 ఉండాలి.